రాజు ఒక్కసారి ఎగరొచ్చు

రోజు 112

ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన ఈ పలక మీద రోజూ మూడే ప్రశ్నలు అడుగుతారు. తిన్నదా. కళ్ళు తిప్పిందా. మాట ఉందా. ఇన్నాళ్ళూ అవును, అవును, లేదు అని రాసి నా డ్యూటీకి పోయేవాణ్ణి. ఈరోజు నా సంతోషం ఆ మూడు గడుల్లో పట్టదు. కిందంతా ఖాళీ ఉంది కాబట్టి రాసేస్తున్నాను. చదివే డాక్టర్లు ఓపిక పట్టాలి.

మా వరాలు ఎత్తు వేసింది.

రోగి పేరు వరహాలమ్మ అనీ, వయసు ముప్పై ఎనిమిది అనీ, సొరంగాల్లో వెల్డింగ్ పని చేసేదనీ పలకకు తెలుసు. తెలియనిది నేను చెబుతాను. అది నా కూతురు, ఆరో ఏట దానికి నేనే చదరంగం నేర్పాను. నా పేరు చోడిపల్లి దానయ్య. చదివింది ఆరో తరగతి. ఇరవై ఏళ్ళప్పుడు తవ్వకం పనికని భీమిలి దగ్గర నుంచి ఈ చంద్రుడి మీదకు వచ్చి, ఇప్పుడు దుమ్ముగదిలో చేరాను. తవ్వి వచ్చినవాళ్ళ సూట్లు దులపడం నా పని. కింద భూమ్మీద మా వీధిలో ఎత్తు వేస్తే బల్ల అదిరిపోవాలి, అదే మాకు మజా. ఇక్కడ అలా కొడితే గుర్రం కప్పుదాకా లేచి, పక్కవాడి అంబలి గిన్నెలో దిగుతుంది. అందుకని అరిగిన డ్రిల్లు మొనలు కోసి పావులు చేశాను. బల్ల కింద అయస్కాంతం పెట్టాను.

మూడు వారాలుగా ఆ బల్ల మంచం మీద పెట్టి, రెండు వైపులా నేనే ఆడుతున్నాను. నర్సు నవ్వుకుంటే నవ్వుకోనీ. ఈరోజు భోజనం అయ్యాక, నేను నా వైపు ఎత్తు వేసి, దాని వైపు వేయబోతుంటే, చెయ్యి వచ్చి నా చెయ్యిని పక్కకు నెట్టింది. చల్లటి చెయ్యి. మంత్రి ముందున్న బంటును ఒక గడి జరిపింది. మళ్ళీ దుప్పటి మీదకు పోయింది.

దుమ్ముగదిలో ఈరోజు ఒక్కో సూటూ రెండుసార్లు దులిపానట. నాకు గుర్తు లేదు.

రోజు 114

డాక్టర్ ఫరీదా గారు వచ్చి అరగంట కూర్చున్నారు. ఆదోని మనిషి. ఎంత చదివినా మాటలో ఊరు పోలేదు.

"సంతోషమే పెద్దాయనా. కానీ ఆ ఎత్తు వేసింది మీ వరాలో, తోడో ఎట్ల చెప్తారు?"

తోడు అంటే మా అమ్మాయి తలలో పెట్టిన పరికరం. నాలుగో సొరంగంలో తలుపు అంచు పగిలి, ఆరు నిమిషాలు దానికి గాలి అందలేదు. ఊపిరి తీయడం, మింగడం మెదడు మరిచిపోయింది. అప్పటి నుంచి అవన్నీ తోడే చూసుకుంటోంది. లోకంలో ఉన్న పనులన్నీ దానికి వచ్చట. చదరంగం కూడా.

"చెయ్యి మా అమ్మాయిదే కదమ్మా."

"చెయ్యి ఆమెదే. వెయ్యమని చెప్పింది ఎవరని నేను అడిగేది. లోపల ఇద్దరూ పేనిన తాడు మాదిరి ఉండారు. ఏ పోగు ఎవరిదో మా యంత్రాలకు తెలీదు."

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పారు. నూట యాభయ్యో రోజున ఆస్పత్రి సంఘం కూర్చుంటుంది. లోపల వరాలు ఉందని తేలితే తోడును కొంచెం కొంచెంగా తీసేస్తారు, తనంతట తను కోలుకోనిస్తారు. లేదని తేలితే మనిషిని పూర్తిగా తోడుకు ఒప్పజెబుతారు. లేచి నడుస్తుంది. మాట్లాడుతుంది. వెల్డింగ్ పనికి పోతుంది. నన్ను 'అయ్యా' అని కూడా పిలుస్తుందట, నేర్పిస్తే.

"నేర్పిస్తే" అన్న మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. తర్వాత కూర్చోలేకపోయాను. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి నూట పద్దెనిమిది అడుగులు.

రోజు 117

ఇది చదివితే ఇక ఎవరికీ అనుమానం ఉండదు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

పొద్దున్న మూడో ఆట. నా ఏనుగు దాని రాజు పక్క వరసలోకి వచ్చి కూర్చుంది. ఇంకో ఎత్తులో రాజుకు షా, అదే చెక్, చెప్పేవాణ్ణి. వరాలు చాలాసేపు బల్లనే చూసింది. తర్వాత రాజును పట్టుకుని, రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు, గుర్రం నడకలో పెట్టింది.

మంచం పక్క, తోడు మాట చూపించే తెర ఎర్రబడింది. 'చెల్లని ఎత్తు' అని చూపించింది. నర్సు "అయ్యో, తప్పు చేసింది" అంది.

తప్పు కాదు తల్లీ. అది మా ఇంటి ఆట. మా నాన్న నాకు, నేను వరాలుకు నేర్పిన ఆట. రాజు తన ఆటలో ఒక్కసారి గుర్రంలా ఎగరొచ్చు. అప్పటిదాకా షా తగిలి ఉండకూడదు, అంతే. పుస్తకాల్లో ఇది లేదు, పోటీల్లో లేదు. లోకంలో పనులన్నీ వచ్చిన తోడుకూ రాదు. అందుకే తెర ఎర్రబడింది. మరి ఆ ఎత్తు ఎవరు వేసినట్టు?

నేను ఏడవలేదు. వసారాలోకి పోయి, ఎదురొచ్చిన ముగ్గురు కుర్రాళ్ళకు చెప్పాను. వాళ్ళకు చదరంగం రాదు. అయినా చెప్పాను.

రోజు 118

క్యాంటీన్లో బమ్మిడి కూర్మయ్యను పట్టుకున్నాను. శ్రీకూర్మం పక్కవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, వరసకు బావ. నలభై ఏళ్ళుగా నాతో ఆడుతున్నాడు, నలభై ఏళ్ళుగా దెబ్బలాడుతున్నాడు.

"రాజు ఎగరడమేటి, అది మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. మీకు బంటు సంగతి తెల్దు గానీ," అన్నాడు. "మా ఊర్లో బంటు ఆ కొసకి ఎల్తే, ఎల్లిన గడి ఎవుడిదో ఆడే అవుతాడు. గుర్రం గడికెల్తే గుర్రమే. మీరేమో ఎక్కడికెల్లినా మంత్రిని సేసేస్తారు. దొరతనం ఆట మీది."

"మా ఇంట్లోనూ అంతే బావా. మధ్యలో మార్చుకున్నాం."

"మార్చుకున్నారు కదేటి. మరి వరాలుకి ఏది నేర్పినావు?"

పాతదే నేర్పాను. బంటు ఒక్క గడే నడవడం, చివరికి పోతే ఆ గడి పదవి దక్కడం, రాజు ఎగురు. సంఘంవాళ్ళకు తెలియడం కోసం అన్నీ వివరంగా కింద రాశాను, బొమ్మలు కూడా వేశాను. వరాలు చిన్నప్పుడు ఏ ఆటలో ఎప్పుడు రాజును ఎగరేసేదో, ఎలా నవ్వేదో కూడా రాశాను. పలక నిండిపోతే కొత్తది అడిగి తెచ్చుకున్నాను.

రోజు 121

ఇది పలక కాదు. దుమ్ముగది హాజరు పుస్తకం, వెనక పేజీలు. ఇక నుంచి ఇందులోనే రాస్తాను.

ఫరీదా గారు పొద్దున్నే వచ్చారు. నా పలక ఆమె చేతిలో ఉంది.

"ఇదంతా ఎప్పుడు రాసినారు?"

"మూడు నాలుగు రోజుల కింద. బాగుందామ్మా?"

ఆమె పలకను ఒళ్ళో బోర్లించారు. "పెద్దాయనా, మొదటి రోజు మీతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాం. గుర్తుందా? ఈ పలక మీద రాసింది ప్రతి పొద్దున తోడుకు పోతుంది. తన మనిషి అలవాట్లు తెలుసుకుంటే బాగా చూసుకుంటుందని ఏర్పాటు."

నాకు అర్థం కావడానికి టైం పట్టింది. అర్థమయ్యాక కాళ్ళ కింద నేల లేనట్టయింది. నేల లాగే బలం ఇక్కడ ఎప్పుడూ తక్కువే, అయినా ఇంత తక్కువ ఎప్పుడూ అనిపించలేదు.

"ఆ రోజు వేసిన ఎత్తు సంఘానికి పంపినాను," అన్నారామె. "పొరపాటు కావొచ్చు, మళ్ళీ మూడుసార్లు చేయించి చూపమన్నారు. ఇప్పుడు ముప్పైసార్లు చేసినా, తోడు చదువుకుని చేసిందంటారు. వాళ్ళ తప్పు లేదు. నేనైనా అదే అంటాను."

నేను ఎవరికి చెప్పకూడదో వాళ్ళకే చెప్పాను. బొమ్మలు వేసి మరీ చెప్పాను. పక్కింటివాడికి కూతురి సుగుణాలు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాను.

రోజు 122

ఈరోజు వరాలు రాజును రెండు ఆటల్లోనూ ఎగరేసింది. తెర ఎర్రబడలేదు.

రోజు 124

ఇక ఆడకూడదని నిర్ణయించుకున్నాను. ఆడితే తోడుకు నేర్పినట్టవుతుంది. బల్ల నా మంచం కింద పెట్టేశాను. వరాలు దగ్గర ఊరికే కూర్చున్నాను. ఇది మాట్లాడని మనిషి, నేను మాట్లాడటానికి భయపడే మనిషి. ఏం చెప్పబోయినా, ఇది తోడు వింటుందేమో అనిపిస్తోంది. వాళ్ళమ్మ సన్నెమ్మ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పది నిమిషాలకు లేచాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ లేచాను.

రోజు 129

ఫరీదా గారు ఒక దారి చెప్పారు. ఒకటే ఉంది.

తోడును ఉన్నపళంగా ఆపితే పావుగంటే ఆపొచ్చు. ఊపిరికి ముసుగు పెడతారు. పావుగంట దాటితే మానుతున్న మెదడు మళ్ళీ చెడుతుంది. ఒక్కసారే ఆపగలరు, రెండోసారి ఇప్పట్లో కుదరదు. ఆ పావుగంటలో వరాలు తన తెలివితో ఏదైనా చెయ్యాలి. సంఘం తరఫు మనిషి ఒకరు ఎదురుగా ఉంటారు.

"ఏం చెయ్యమంటారమ్మా దాన్ని?"

"ఆమె దేనికి పలుకుతుందో అదే. ఆట."

నాకు సంతోషం ఆగలేదు, భయమూ ఆగలేదు. ఆమె టీ తాగుతూ నన్ను చూసి నవ్వి, మాట మార్చారు. నా మనసు కుదుటపడాలనే అయి ఉంటుంది.

"మా నానా, అంటే మా అమ్మ నాయన, మంత్రిని వజీరు అనేవాడు. పూర్వం వజీరు మూలకి ఒక్క గడి మాత్రమే నడిచేవాడంట, తెలుసునా?"

"మంత్రా? ఒక్క గడా?"

"అవును. ఆట మన దగ్గర పుట్టి, పారశీకం పోయి, అరబ్బులతో తిరిగి, దొరల దేశాలకు పోయింది. అక్కడ వజీరు రాణి అయినాడు, ఒక్క గడివాడు బల్లంతా పరిగెత్తినాడు. వందల ఏండ్ల తర్వాత దొరలతో మళ్ళీ ఇంటికొచ్చింది. వచ్చేసరికి మన పల్లెల్లో పాత ఆట ఇంకా ఆడుతుండారు. మీ రాజు ఎగిరేది దాంట్లోదే."

నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. మా నాన్న సొంతంగా కనిపెట్టాడనుకునేవాణ్ణి.

"యంత్రాలు మనుషుల్ని ఓడించి నూరేండ్లు దాటింది," అన్నారామె. "అయినా మీ క్యాంటీన్లో బల్లల దగ్గర చోటు దొరకదు. ఎందుకంటారు?"

తర్వాత దుమ్ముగదిలో సూట్లు దులుపుతుంటే జవాబు తట్టింది. నేను కూర్మయ్యతో ఆడేది గెలుపు కోసం అనుకుంటాను గానీ, ఎదురుగా కూర్మయ్య లేకుండా గెలిచి ఏం చేసుకోను?

రోజు 133

బల్ల మంచం కిందే ఉంది. నర్సు చెప్పింది: మధ్యాహ్నం పూట వరాలు వేలు దుప్పటి మీద తడుముతోందట. దుప్పటికి గళ్ళు ఉన్నాయి.

నేను పోయి చూశాను. చూపుడు వేలు ఒక గడి మీద ఆగి, పక్క గడికి జరిగి, మళ్ళీ వెనక్కి వస్తోంది. తోడే కదుపుతోందేమో. కదపనీ.

తొమ్మిది రోజులు దాని ఆట దాచేశాను. దొంగ చూస్తాడని పిల్లకు అన్నం పెట్టడం మానిన తండ్రిని ఎక్కడైనా చూశారా? నేనే.

బల్ల తెచ్చి పెట్టాను. నేర్చుకునేవాడు నేర్చుకోనీ.

రోజు 141

ఎనిమిది రోజులుగా రోజుకు రెండు ఆటలు. అన్నిట్లో ఓడిపోయాను. ఇంత బాగా వరాలు ఎప్పుడూ ఆడలేదు. ఆ సంగతి నాకు నచ్చడం లేదు.

కూర్మయ్యకు చెబితే నన్ను తిట్టాడు.

"ఓడిపోతే ఏడుస్తావు, గెలిస్తే ఏడుస్తావు. సొరంగంలో దుమ్ము తిన్నావు గానీ బుద్ది తినలేదు నువ్వు." తర్వాత దగ్గరగా జరిగి, "ఇనుకో. ఆ పావుగంటలో కంటితో సైగ సెయ్యు. ఎడమ కన్ను బంటు, కుడి కన్ను గుర్రం. మన వరాలు గుంట అందుకుంటాది."

"దొరికిపోతే?"

"దొరికితే కంట్లో నలక పడిందను. ఈ ఊర్లో దుమ్ము పడని కన్ను ఎవుడికుంది?"

నవ్వాను. నిజం రాస్తాను, ఆలోచించాను కూడా. రెండు కళ్ళూ విడివిడిగా ఆర్పడం అద్దం ముందు నిలబడి ప్రయత్నించాను. కుడి కన్ను నాకు విడిగా మూతపడదు.

రోజు 149

నిద్రా లేదు, తిండీ లేదు. సోడి అంబలి మూత తియ్యకుండానే తిరిగి ఇచ్చేశాను. దుమ్ముగది మేస్త్రీ నన్ను ఇంటికి పొమ్మన్నాడు. ఇల్లు అంటే మంచం, దాని కింద పెట్టె. వసారా పట్టాను. ఎన్నిసార్లు తిరిగానో లెక్క పోయింది.

సైగ చెయ్యను. చేసి గెలిస్తే, ఆ వచ్చింది వరాలో కాదో నాకే తెలియకుండా పోతుంది. సంఘానికి ఎలా ఉన్నా, నాకు తెలియాలి.

రోజు 150

జరిగింది జరిగినట్టు రాస్తాను. తొందరపడకుండా రాస్తాను.

పది గంటలకు తోడును ఆపారు. ముసుగు పెట్టారు. వరాలు కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నెల రోజులుగా చూస్తున్న ఆ నిలకడ పోయింది. తల కొంచెం పక్కకు వాలింది. నోటి చివర తడి చేరితే నర్సు తుడిచింది. ఒక్క క్షణం నాకు, ఆపకుండా ఉండాల్సింది అనిపించింది.

సంఘం తరఫు ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నెమ్మదస్తుడే. "మొదలుపెట్టండి తాతగారూ. మాట సాయం వద్దు, చెయ్యి సాయం వద్దు," అన్నాడు.

బంటు జరిపాను. వరాలు కదల్లేదు.

రెండు నిమిషాలు. ఫరీదా గారు గడియారం చూస్తున్నారు. నాలుగు. ఐదు. నాకు కాళ్ళు నిలవడం లేదు, కుర్చీ కింద ఒకదాని మీద ఒకటి వేసి నొక్కిపట్టాను. ఆరో నిమిషంలో దాని చెయ్యి లేచింది. గుర్రాన్ని పట్టుకుంది, జారింది, మళ్ళీ పట్టుకుంది. బంట్ల మీదుగా దాటించి పెట్టింది. వంకరగా, సగం గడిలో సగం బయట.

"చెయ్యి ఊరికే అదిరినా అలాగే ఉంటుంది కదా డాక్టర్ గారూ," అన్నాడాయన. వెటకారంగా కాదు, మామూలుగానే.

మరో రెండు ఎత్తులు అలాగే నడిచాయి. తొమ్మిది నిమిషాలు. నా చెయ్యి దాని చెయ్యికన్నా ఎక్కువ వణుకుతోంది. ఆ వణుకులో మంత్రిని తీసుకుపోయి సరిగ్గా దాని గుర్రం నోట్లో పెట్టాను. చెయ్యి తీశాక చూసుకున్నాను. మంత్రి పోయింది. ఆట కూడా పోయినట్టే.

వరాలు చూసింది. ముందు బల్లను. తర్వాత నన్ను. నూట యాభై రోజుల్లో మొదటిసారి నా ముఖం వైపు కళ్ళెత్తి చూసింది. చెయ్యి చాపింది. గుర్రాన్ని ముట్టుకోలేదు. నా మంత్రిని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎక్కడి నుంచి తెచ్చానో అక్కడికి, మెల్లగా వెనక్కి జరిపి పెట్టింది.

నేను దానికి చిన్నప్పుడు ఒక్క ఎత్తు కూడా వెనక్కి ఇచ్చి ఎరగను. చెయ్యి తీస్తే అయిపోయినట్టే, ఏడ్చినా అంతే. ఇది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు.

"ఇది ఎత్తు కాదు కదా," అన్నాడు సంఘం ఆయన, ముందుకు వంగి. "ఎదుటివాళ్ళ పావు జరపడం ఏ ఆటలోనూ లేదు. చెయ్యి తప్పింది."

ఫరీదా గారు నా వైపు చూసి, "ఎత్తు మీదే పెద్దాయనా. వెయ్యండి," అన్నారు. పదకొండు నిమిషాలు.

ఇక్కడ కన్నీళ్ళు కిందికి త్వరగా జారవు. కంట్లోనే నిలిచి, గాజు పెట్టినట్టు ఉంటుంది. బల్ల నాకు రెండు బల్లలుగా కనిపిస్తోంది. తుడుచుకుంటే సైగ చేశానంటారేమోనని తుడుచుకోలేదు. చేతికి తగిలిన పావు పట్టుకున్నాను, తోచిన చోట పెట్టాను. "అయ్యో" అన్నది నర్సు. మంత్రినే తీశాను. మళ్ళీ అదే గడిలో పెట్టాను.

వరాలు ఈసారి నన్ను చూడలేదు. గుర్రంతో కొట్టి, నా మంత్రిని తీసి, తన మంచం వైపు పెట్టుకుంది. ఆ తర్వాత ముసుగులోంచి పెద్దగా ఒక ఊపిరి వదిలింది. విసుగు ఊపిరి. ఆ విసుగు నేను ఎరుగుదును.

"ఆపండి," అన్నారు ఫరీదా గారు. పదమూడు నిమిషాలు. తోడును మళ్ళీ నడిపించారు.

సంఘం ఆయన చాలాసేపు బల్లను చూశాడు. ఆమె ఆయనతో మెల్లగా అన్నారు: "మొదటిసారి ఒదిలిపెట్టింది. రెండోసారి ఒదల్లేదు. అదిరే చెయ్యికి ఒకటీ రెండూ లెక్క తెలుస్తుందా సార్?"

ఆయన జేబులోంచి కలం తీశాడు. సంతకం పెట్టేముందు నన్ను అడిగాడు, "తాతగారూ, రెండోసారి కావాలని పెట్టారా?"

"లేదు బాబూ. కనబడక పెట్టాను."

"బాగా పెట్టారు," అని సంతకం పెట్టాడు.

రేపు పొద్దున్న నుంచి తోడును కొంచెం కొంచెంగా తీసేస్తారు. ఆ తర్వాత కష్టమేనట. ఊపిరికి కొన్నాళ్ళు ముసుగు, మింగడం దగ్గర నుంచి నేర్చుకోవాలి. ఏడాది పట్టొచ్చు, మాట రావొచ్చు, రాకపోవచ్చు. ఫరీదా గారు ఇవన్నీ చెబుతుంటే బుద్ధిగా విన్నాను, ప్రతిదానికీ తల ఊపాను. ఒక్కటి కూడా నన్ను భయపెట్టలేదు. కూర్మయ్యకు చెప్పడానికి క్యాంటీన్‌కు పరిగెత్తాను. చెప్పాను. ఆయన అంతా విని, "మంత్రిని రెండుసార్లు ఒకే గోతిలో పడేసినావా, నీతో ఆడి నా నలభై ఏళ్ళు పాడైపోనాయి," అని ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆట ఇంకా అయిపోలేదు. బల్లను ఎవరూ ముట్టుకోవద్దని నర్సుకు చెప్పి వచ్చాను. మంత్రి లేడు, నా రాజు ముందు బంట్లు చెదిరి ఉన్నాయి, దాని గుర్రం నడి బల్లలో కూర్చుని ఉంది. వసారాలో తిరుగుతూ ఆలోచిస్తున్నాను. ఎత్తు నాది.